చుట్టాల ఊళ్ల పద్దు: రాయగడ నుంచి బరంపురం దాకా 11 రోజుల ఖర్చు డైరీ

నిరుడు వేసవిలో చుట్టాల ఊళ్లు తిరిగొచ్చేసరికి ఖాతాలో 21,000 తగ్గింది. బుర్ర బద్దలు కొట్టుకుంటే 15,000కి జాడ దొరికింది. మిగతా 6,000 ఏమైందో ఈ రోజుకీ తెలీదు. ఒడిశా రాయగడలో స్టేషనరీ దుకాణం నడుపుతాను, రాత్రి పద్దు కట్టకుండా షట్టర్ దించను. అలాంటివాణ్ని ఇంటి ఖర్చులో ఇలా దొరికిపోయాను.

ఈ ఏడాది 2025 మే 11 నుంచి 21 దాకా అదే తిరుగుడు: గుణుపురంలో స్నేహితుడి ఇల్లు, పర్లాకిమిడిలో అమ్మమ్మ, బరంపురంలో అక్క. మనుషులం నలుగురం: నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. ఎక్కడెక్కడ తప్పాయో తప్పినచోటే రాసుకుంటూ వచ్చాను. కావలసినవాళ్లు వాడుకోండి.

సున్నా దశ: బయల్దేరకముందు

అనుకున్నది 15,000. ప్రయాణానికి 5,000, ఇచ్చిపుచ్చుకోళ్లకు 2,500, బయట తిండికి 3,000, మిగతావాటికి 4,500.

సరంజామా:
1. జేబులో పట్టే నోటుబుక్కు, పెన్సిలు.
2. ఫోన్‌లో గూగుల్ షీట్. ఖర్చును 11 రకాలుగా విడగొట్టాను. (తప్పు. కింద చెప్తాను.)
3. నగదుకు జిప్పు సంచి. మే 10 రాత్రి చిల్లరతో సహా ఎంచి రాసిన నిల్వ: 4,380.

మొదటి దెబ్బ టికెట్ల దగ్గరే తగిలింది. తిరుగు ప్రయాణం బరంపురంలో రాత్రి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున రాయగడలో దిగడం. 2024 నవంబరు నుంచి బుకింగ్ 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. అక్క ఎన్నాళ్లు ఉండమంటుందో మార్చిలో నాకేం తెలుసు? 20కీ 22కీ రెండు రోజులకూ స్లీపర్ తీసి పెట్టాను, ఒకటి తర్వాత రద్దు చేద్దాంలే అని. బాబుకు ఐదేళ్లు నిండలేదు కాబట్టి టికెట్టు అక్కర్లేదు. పాపకు బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే. మూడు బెర్తులకు ఒక్కో రోజుకు 717, రెండు రోజులకు 1,434.

ఇప్పటికి మొత్తం: 1,434

మొదటి దశ: గుణుపురం, మే 11–12

రాయగడ నుంచి గుణుపురానికి నేరుగా రైలు లేదు. గుణుపురాన్ని ఇటువైపు కలిపే తెరుబలి లైను అప్పటికి పూర్తి కాలేదు, కాబట్టి బస్సే. ఎక్కిన అరగంటకే 11 రకాల షీటు మీద నమ్మకం పోయింది. పిల్లలకు ఐసు కొంటే అది తిండా, పిల్లల ఖర్చా, ప్రయాణంలో ఖర్చా? ఊగే బస్సులో ఆ చిన్న గడుల్లో వేలు పెట్టి వెతికేలోగా పక్క ఊరు వచ్చేసింది. గుణుపురంలో దిగేసరికి రకాలను ఐదుకు కుదించాను: ప్రయాణం, ఇచ్చిపుచ్చుకోళ్లు, బయట తిండి, మనకోసం, మందులూ ఇతరాలూ. ఏది ఎందులోకి వెళ్తుందో తేలకపోతే డబ్బు ఎవరి చేతికి వెళ్లిందో చూడటం మొదలుపెట్టాను. చాలావరకు తేలిపోయింది.

రెండో రాత్రి, స్నేహితుడి డాబా మీద, వంశధార వైపు నుంచి వచ్చే గాలికి నోట్లు ఎగరకుండా మోకాలి కింద పెట్టుకుని ఎంచాను.

నిల్వ: 4,380
రాసిన నగదు ఖర్చు: బస్సు, ఆటో 360, మిఠాయిలు 300, కొబ్బరి బోండాలు 140. మొత్తం 800
ఉండాల్సింది: 3,580
ఉన్నది: 3,245
తేడా: 335

రెండు రోజులకే 335. నలుగురం కూర్చుని గుర్తు చేసుకున్నాం. స్నేహితుడి పాప చేతిలో మా ఆవిడ పెట్టిన 200, బస్టాండులో తాగిన కూల్ డ్రింకు 50, బాబు చెప్పు కుట్టించినందుకు 20. ఇవి దొరికాయి. 65 దొరకలేదు.

లోపం ఎక్కడంటే, సంచి ఒకటే, తీసే చేతులు రెండు, రాసే చెయ్యి ఒకటి. ఆవిడను రాయమంటే "మీ దుకాణం పని నాకెందుకు" అంది. న్యాయమే. సంచిలోంచి ఎవరు తీసినా ఆ సంచిలోనే ఉన్న చీటీ మీద అంకె ఒక్కటి వేస్తే చాలు, పేరు నేను రాత్రి రాసుకుంటాను అని ఒప్పందం చేసుకున్నాం. పెన్సిలు ముక్కను సంచి జిప్పుకు దారంతో కట్టాను. ఈ మొత్తం ప్రాజెక్టులో పైసా ఖర్చు లేకుండా ఎక్కువ పని చేసింది ఆ దారమే.

ఫోన్ వైపు తప్పు ఇంకా పెద్దది. యూపీఐ ఖర్చు 2,625 అని షీటు చూపించింది. అంత పెట్టలేదని తెలుసు. విప్పి చూస్తే:

యూపీఐ లైట్‌లో వేసుకున్నది 1,000
లైట్ నుంచి చెల్లించినవి 385
మామూలు యూపీఐ 1,240 (పసిదాని బట్టలు 950, మందులు 290)

యూపీఐ లైట్‌లో ముందుగా కొంత డబ్బు వేసుకుంటే చిన్న చెల్లింపులు పిన్ కొట్టకుండానే అయిపోతాయి. పాస్‌బుక్‌లో మాత్రం డబ్బు వేసుకున్న పద్దు ఒక్కటే పడుతుంది, దాంట్లోంచి ఒక్కొక్క టీకీ ఒక్కొక్క ఆటోకీ ఇచ్చినవి పడవు. నేను పాస్‌బుక్ చూసి 1,000 రాశాను, యాప్ చూసి 385 రాశాను. ఒకే డబ్బు రెండుసార్లు పోయినట్టయింది. అసలు ఖర్చు 1,625.

షీటులో "మార్పిడి" అని ఒక వరస పెట్టాను. లైట్‌లో వేసింది, ఏటీఎంలో తీసింది అందులోకి వెళ్తాయి, ఖర్చులోకి రావు. ఈ జేబులోది ఆ జేబులోకి మారితే అది ఖర్చు కాదని దుకాణంలో పదేళ్లుగా నాకు తెలుసు. ఫోన్‌లో మరిచిపోయాను.

ఈ దశ: నగదు 1,135 + యూపీఐ 1,625 = 2,760
ఇప్పటికి మొత్తం: 4,194

రెండో దశ: పర్లాకిమిడి, మే 13–16

గుణుపురం నుంచి పాసింజరు. నౌపడా–గుణుపురం లైను 90 కిలోమీటర్లు, పర్లాకిమిడి దాని మధ్యలో ఉంటుంది. రాజావారి హయాంలో 1900లో పర్లాకిమిడి దాకా వేసిన చిన్న రైలు ఇది. 2004లో ఆపి, పెద్ద లైను చేసి, 2011లో మళ్లీ గుణుపురం దాకా నడిపారు. ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మమ్మ "చిన్న రైల్లో వచ్చారేటి?" అంది. ఆవిడకు అది ఇంకా చిన్న రైలే. ఈ మొత్తం తిరుగుడులో అన్నిటికంటే చవకైన ప్రయాణం కూడా అదే, నాలుగు కొబ్బరి బోండాల డబ్బు కూడా కాలేదు.

రెండో రోజు ఏటీఎంకి వెళ్లి 5,000 తీశాను. వేరే బ్యాంకు మిషను. నెల మొదటి రెండు వారాల్లోనే ఐదు ఉచితాలూ వాడేసుకున్నానని గుర్తు లేదు. ఉచితాలు దాటాక తీసే ప్రతిసారీ పడే రుసుము మే 1న 21 నుంచి 23కి పెరిగింది, పన్నుతో 27 రూపాయల 14 పైసలు. షీటులో 27 వేశాను. చిన్న మొత్తమే, కానీ రాయకపోతే చివర్లో పాస్‌బుక్ కలవదు.

పదిహేనో తారీకు మధ్యాహ్నం అసలు గొడవ జరిగింది. మావయ్యకు ఇష్టమని మహేంద్రతనయ ఒడ్డు నుంచి చేపలు తెచ్చాను. నోటుబుక్కు వంటగది గట్టు మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అత్త ఆ పేజీ చదువుతోంది: "అత్త ఇంటికి చేపలు 420."

"నా ఇంట తిన్న తిండికి కూడా పద్దు రాస్తన్నావేటి అల్లుడా?"

నవ్వుతూనే అంది. చేపల పులుసు మాత్రం ఆ పూట నా ఆకులో తక్కువ పడింది. అది నా ఖర్చు అత్తా, నీ లెక్క కాదు అని ఎంత చెప్పినా మాట అతకలేదు. వేరేవాళ్ల ఇంట్లో కూర్చుని పుస్తకం తీస్తే ఏమనుకుంటారో నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఇది అంకెల్లో జరిగిన తప్పు కాదు, అయినా ఈ డైరీలో ఎవరైనా ఒక్కటే పట్టుకోవాలంటే దీన్నే పట్టుకోమంటాను.

మార్చినవి:
1. పగలు పుస్తకం తీయను. ఖర్చు పెట్టగానే నాకు నేనే వాట్సాప్‌లో మెసేజ్ పెట్టుకుంటాను. చూసేవాళ్లకు దుకాణం పని అనిపిస్తుంది.
2. పద్దులో ఇంటివాళ్ల పేరు ఉండదు. "చేపలు 420", అంతే.
3. పుస్తకం రాత్రి పడుకునే గదిలో, తలుపు వేశాకే.

తలుపు వేశాక కూడా అమ్మమ్మ వచ్చింది. "ఏటిరా అది, పరీక్షలకి చదువుతన్నావా?" అంది. సంగతి చెప్పాను. ఊరు వదలడానికి ముందు రాత్రి కదా అని నాలుగు రోజులదీ ఒకేసారి ఎంచుతున్నాను.

నిల్వ 3,245 + ఏటీఎం 5,000 = 8,245
రాసిన నగదు ఖర్చు: 3,180
ఉండాల్సింది: 5,065
ఉన్నది: 5,640
తేడా: 575 ఎక్కువ

ఎక్కువ వచ్చింది! లెక్క అద్భుతంగా ఉందని ఒక నిమిషం సంబరపడ్డాను. డబ్బు పుట్టుకొచ్చిందంటే ఏదో రాయలేదని అర్థం. పిల్లలిద్దరి చేతిలో అమ్మమ్మ చెరో 500 పెట్టింది. మా ఆవిడ ఆ రెండు నోట్లూ పోతాయేమోనని సంచిలో వేసింది. ఆ 1,000 కలిపితే ఉండాల్సింది 6,065. అంటే ఎక్కువ లేదు సరికదా, 425 తక్కువ. మిగులు వెనక తరుగు దాక్కుంది.

425లో 200 అత్త ఇంట్లో అంట్లు తోమే ఆమెకు ఇచ్చింది, 100 ఆటో. 125 పోయినట్టే. నాలుగు రోజుల వెనక్కి వెళ్లి ఎవరికి గుర్తుంటుంది?

మా తాత పర్లాకిమిడిలో బట్టల కొట్లో గుమాస్తా. అమ్మమ్మ చెప్పింది: ఎంత పొద్దుపోయినా నిల్వ తేల్చకుండా ఆయన కొట్టు దిగేవాడు కాదట, మర్నాడు చిట్టాలో మొదటి పద్దు ఆ నిల్వేనట. నేను నాలుగు రోజులకోసారి ఎంచుతున్నానంటే నోటి మీద చెయ్యి వేసుకుంది. తర్వాత ఇంకో మాట అంది. పిల్లల చేతిలో పెట్టింది నీకు జమ కాదు, పిల్లలకు జమ. నువ్వు వాడుకుంటే నీకు అప్పు.

దాంతో రెండు మార్పులు వచ్చాయి. ఆ రాత్రి నుంచి రోజూ ఎంచడం. పిల్లలకు విడిగా ఒక పేజీ: "పిల్లల ఖాతా, నాన్న బాకీ 1,000." ఎవరైనా చేతిలో పెట్టేది ఇకపై సంచిలోకి రాకుండా ఇద్దరికీ రెండు కవర్లు. దుకాణదారుణ్ని, కవర్లు నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి.

యూపీఐ 1,460. అందులో 650 కొమ్ముతో చేసిన ఒక కొంగ బొమ్మకు. పర్లాకిమిడి వచ్చి కొమ్ము బొమ్మ కొనకుండా వెళ్తే ఎలా?

ఈ దశ: నగదు 3,605 + యూపీఐ 1,460 + ఏటీఎం రుసుము 27 = 5,092
ఇప్పటికి మొత్తం: 9,286

మూడో దశ: బరంపురం, మే 17–20

ప్రైవేటు బస్సులో వచ్చాం. కండక్టరు దగ్గర ఖుచురా లేదన్నాడు. ఒడియాలో చిల్లరకు ఆ మాట. టికెట్టు వెనక 40 అని రాసి ఇచ్చాడు, దిగేటప్పుడు తీసుకోండని. బరంపురంలో దిగేటప్పుడు బాబు నిద్రలో, సంచులు ఐదు, ఎండ నెత్తి మీద. 40 బస్సుతోపాటే వెళ్లిపోయింది. కానీ ఆ రాత్రి ఎంచితే తేడా కచ్చితంగా 40 వచ్చింది, జేబులో టికెట్టు వెనక అదే అంకె ఉంది. రోజూ ఎంచడం వల్ల లాభం ఇదీ. డబ్బు రాలేదు గానీ జాడ దొరికింది. నష్టపోయి కూడా తృప్తిగా పడుకున్నాను.

ఆ సాయంత్రమే 22వ తారీకు టికెట్టు రద్దు చేశాను. 48 గంటల ముందు చేసినా స్లీపర్‌లో మనిషికి 120 కోత. ముగ్గురికి 360, బుకింగ్ రుసుము 12 ఎలాగూ రాదు. వెరసి 372 నష్టం, 345 వాపసు. ఖాతాలో పడ్డ ఆ 345ను షీటు "జమ" అంది. జమ కాదు, పాత ఖర్చు తగ్గుదల. సున్నా దశలోకి వెళ్లి 1,434 కొట్టేసి 1,089 చేశాను. తారీకు తేలక రెండు టికెట్లు తీసుకోవడం తెలివి అనుకున్నాను. ఆ తెలివి ఖరీదు 372. అక్కకు ఫోన్ చేసి అడిగి ఉంటే అయిపోయేది.

18న ఆదివారం, రెండు కుటుంబాలూ బండి మాట్లాడుకుని పొద్దున కొండ మీది తారాతారిణి గుడి, సాయంత్రం గోపాలపురం సముద్రం. బండికి 1,800 నేనిచ్చాను. మధ్యాహ్నం భోజనాలు, రోప్‌వే టికెట్లు, పిల్లలకు గుర్రం సవారీ బావ పెట్టాడు. రాత్రి రెండువైపులా కూడి, సగం చేసి, ఎవరు ఎవరికి ఇవ్వాలో తేలుద్దామని మెల్లగా అడిగాను, నువ్వెంత పెట్టావు బావా అని.

"మన మద్దిన లెక్కలేటోయ్? తిన్నావా లేదా?"

అక్కడితో ఆ గడి ఖాళీగా మిగిలింది. స్నేహితులతో టూర్లకు వెళ్లినప్పుడు తలా ఇంత అని పంచే యాప్ వాడతాను, అక్కడ బాగా పనిచేస్తుంది. అక్క ఇంట్లో పనిచేయదు. బావ ఎంత పెట్టాడో అంచనా వేసి రాయాలా? వేశాను, కొట్టేశాను. అంచనా అంకె పద్దులో కూర్చుంటే మిగతావన్నీ అనుమానంగా కనిపిస్తాయి. నా సంచిలోంచి, నా ఖాతాలోంచి పోయినదే ఖర్చు అని తేల్చుకున్నాను. బావ పెట్టినవి వెనక పేజీలో అంకెలు లేకుండా రాశాను: భోజనాలు, రోప్‌వే, గుర్రం, రెండోరోజు పొద్దున్నే మారేడు పానకం. దసరాకు వాళ్లు రాయగడ వస్తే ఆ పేజీ చూసుకుంటాను.

చీర సంగతి. అక్కకు బరంపురం పట్టే పెట్టాలని మా ఆవిడ కోరిక. కోటకొమ్ముల అంచు చూసి అక్కడే నిలబడిపోయింది, ధర చూసి కదిలింది. చివరకు సంబల్‌పురి నూలు చీర, 1,850. అక్క కూడా మా ఆవిడకు చీర పెట్టింది, దాని ధర మేం అడగలేదు. అది జమలో వేయాలా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. అత్త చేపల పులుసు గుర్తొచ్చి ఊరుకున్నాను.

నగదు: నిల్వ 5,640, రాసినవి 3,910, ఉండాల్సింది 1,730, ఉన్నది 1,690, తేడా 40 (బస్సు చిల్లర).
యూపీఐ: చీర 1,850, పచ్చళ్లు, అప్పడాలు 620, మిగతావి 890. మొత్తం 3,360

ఈ దశ: 3,950 + 3,360 = 7,310
ఇప్పటికి మొత్తం: 16,596. వాపసు 345 పోగా 16,251

నాలుగో దశ: ఇంటికి, మే 20 రాత్రి–21

స్టేషనుకు ఆటో, రాత్రికి ఇడ్లీ పొట్లాలు, పొద్దున టీ, రాయగడలో ఆటో. 260. నిల్వ 1,690, ఎంచితే 1,430. తేడా సున్నా. స్లీపర్ బోగీలో ఎంచుతుంటే ఎదురు బెర్తు ఆయన నన్ను వింతగా చూశాడు.

మొత్తం: 16,511
అనుకున్నది: 15,000
మించింది: 1,511

సరిచూసుకోవడం

ఇంటికొచ్చాక రెండు వైపుల నుంచీ కలిపాను.

1. నగదు: 4,380 + 5,000 + 1,000 − 1,430 = 8,950. నాలుగు దశల నగదు కూడితే 8,950. కలిసింది.
2. బ్యాంకు: ఆ 11 రోజుల్లో తగ్గింది 11,317. వాపసు 345 కలిపి, ఏటీఎం 5,000, లైట్‌లో మిగిలిన 190 తీసేస్తే 6,472. దశల్లో యూపీఐ, రుసుము కూడితే 6,472. కలిసింది. (మొదటిసారి కలవలేదు, 190 తేడా. లైట్‌లో మిగిలిన డబ్బు మరిచిపోయాను. అరగంట పోయింది.)
3. టికెట్లు: 1,089.

రకాల వారీగా:

ఇచ్చిపుచ్చుకోళ్లు 6,140
ప్రయాణం 5,074
బయట తిండి 2,215
మనకోసం 2,190
మందులూ ఇతరాలూ 702
జాడ లేనివి 190

ప్రయాణానికి 5,000 అనుకుంటే 5,074 అయింది, రద్దు నష్టంతో కలిపి. టికెట్ల ధరలు ముందే తెలుస్తాయి కాబట్టి ఆ అంచనా వేయడానికి గొప్పతనం ఏమీ అక్కర్లేదు. బయట తిండికి అనుకున్నదానికంటే తక్కువే అయింది. మూడిళ్లలోనూ మమ్మల్ని బయట తిననిచ్చిందెవరు? ఇచ్చిపుచ్చుకోళ్లకు 2,500 అనుకుంటే 6,140. మనుషుల్ని చూడటానికి బయల్దేరి, అంచనా మాత్రం బస్సులకూ రైళ్లకూ వేసుకున్నాను. నిరుటి ఆ 6,000 కూడా ఇక్కడే పోయి ఉంటుందని ఇప్పుడు నా అనుమానం, రుజువు చేయలేను.

ఈ పద్దును కోసి 2,500కి తేవాలని లేదు. అమ్మమ్మకు కొన్న దుప్పటిలో ఎంత కోస్తాను? వచ్చే ఏడాది ఈ వరసకే 6,500 రాసుకుని, మొత్తం అంచనా 17,500 చేస్తాను. తారీకు ముందే అడిగి ఒకటే టికెట్టు తీస్తాను.

మే 25

పాప నోటుబుక్కు తిరగేసింది. "పిల్లల ఖాతా, నాన్న బాకీ 1,000" చదివి తన కవరు తెచ్చి చూపించింది, అందులో వాళ్ల అత్త, అంటే మా అక్క, పెట్టిన 500 ఉంది. అమ్మమ్మ పెట్టిన 500 ఏదని అడిగింది. రేపిస్తానన్నాను. ఆ వరస కింద పెన్సిలుతో తనే రాసుకుంది: "నాది 500. రేపు."

మే 27. ఇంకా ఇవ్వలేదు. దుకాణంలో ఖుచురా లేదన్నాను, నమ్మలేదు.